కొత్త నాటికల ఆప్తులు శ్రీ మద్దిరాల జోయెల్ గారు

1988 సెప్టెంబరు 12వ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, విజయవాడలోని మన నీటిపారుదల శాఖ కార్యాలయపు డ్రాయింగు విభాగంలో శ్రీ మద్దిరాల జోయెల్ గారు ట్రేసరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో నియామకపు ఉత్తర్వు, నాలుగడుగుల వెనుక తండ్రి యెషయ్య గారు. ఆ యువకుడు అడుగుపెట్టిన తీరును నాటి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వెంకటకృష్ణారావు గారు తమ చివరి రోజుల దాకా ఆప్యాయంగా చెప్పుకునేవారు. యెషయ్య గారు బందరు కాలువ మీద ముప్పై ఏళ్ళు లస్కరుగా పనిచేసి, లాకుల తలుపులు ఎత్తుతూ, దించుతూ జీవితం గడిపినవారు. లోపలికి రమ్మని ఎంత పిలిచినా ఆయన రాలేదు. "గుమ్మం దాకా వంద సార్లు వచ్చానండీ. ఎప్పుడూ లోపల కూర్చోలేదు. మావాణ్ణి కూర్చోబెట్టండి, అదే చాలు" అని కొడుకు కుర్చీలో కూర్చునేదాకా చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

తండ్రి కాళ్ళతో కొలిచిన కాలువలను కొడుకు కలంతో గీయసాగారు. నాటికి మన విభాగంలో కంప్యూటర్లు లేవు. వాలుబల్ల మీద ట్రేసింగు గుడ్డ పరచి, నల్లసిరా కలంతో ఊపిరి బిగబట్టి ఒక్కొక్క గీతా గీయవలసిన రోజులవి. మే నెల ఉక్కలో చెమటచుక్క జారిపడితే వారం రోజుల శ్రమ వృథా అయ్యేది. జోయెల్ గారు నుదుటికి రుమాలు కట్టుకుని గీసిన పటాలలో ప్రతి తూమూ, ప్రతి మలుపూ ఎంత నిర్దుష్టంగా ఉండేవంటే, ఇంజనీర్లు క్షేత్రానికి వెళ్ళే ముందు "ఇది జోయెల్ గీసిందేనా?" అని అడిగి మరీ తీసుకెళ్ళేవారు. 1996లో వారు జూనియర్ టెక్నికల్ ఆఫీసరుగా పదోన్నతి పొందారు. నలభై ఒకటవ ఏట, తమకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన మన ఛాయాదేవి గారి పక్కన కూర్చుని కంప్యూటరు మీద పటం గీయడం నేర్చుకున్నారు. "అమ్మా, ఈ ఎలుక నా మాట వినడంలేదు" అని మౌసును వేళ్ళ కొసలతో పట్టుకున్న ఆ రోజులు ఛాయాదేవి గారికి నేటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. 2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చినప్పుడు మూడు రోజులు ఇంటి ముఖం చూడకుండా, కరకట్టల పటాలు అడిగినవారికి అడిగినట్టు తీసి ఇచ్చారు. ఉద్యోగిగా వారి జీవితం ఇలా నిరాడంబరంగా, మచ్చలేకుండా సాగింది. అయితే విజయవాడ నుంచి మచిలీపట్నం దాకా వారిని ఎరిగినవారు వారిని ఎరిగింది పటాల వల్ల కాదు, నాటికల వల్ల.

నాటిక పిచ్చి అంటించినది వెంకటకృష్ణారావు గారే. 1990 వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నాటిక పోటీలకు రమ్మని పిలిస్తే, నాటకమంటే పద్యాలూ పూసల కిరీటాలూ అనుకున్న జోయెల్ గారు మొహమాటపడ్డారు. "పద్యాలుండవోయ్, ముప్పావు గంటలో అయిపోతుంది. మన పక్కింటివాళ్ళలాంటి మనుషులే ఉంటారు. నచ్చకపోతే రేపటినుంచి నాతో మాట్లాడకు" అన్నారాయన. ఆ రోజు చూసిన నాటిక ప్రసూతి ఆసుపత్రి వరండాలో ఎదురుచూస్తున్న ఇద్దరు వియ్యంకుల కథ. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ముప్పావు గంటలో ఒకరి ఫ్లాస్కులో కాఫీ మరొకరు తాగారు, అంతే. జోయెల్ గారు ఇంటికి వెళ్ళి, బియ్యం ఏరుకుంటున్న భార్య హెలెన్ గారి ఎదుట కూర్చుని, రెండు పాత్రలూ తామే అయి నాటిక మొత్తం ఒప్పజెప్పారు. హెలెన్ గారు చేట పక్కన పెట్టి విన్నారట. అటుపైన ముప్పై అయిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆదివారమంటే ఉదయం ప్రార్థన, సాయంత్రం నాటిక.

వారు వెదికి చూసేది సమకాలీనుల రచనలే. కారణమడిగితే "బతికున్నవాళ్ళు రాసింది చూస్తానండీ. బాగుంటే చెప్పడానికీ, బాగోకపోతే అడగడానికీ మనిషి ఉంటాడు" అనేవారు. చేపల చెరువుగా మారిన పొలం గట్టున కూర్చున్న అన్నదమ్ములు, మంగళగిరిలో ఆగిపోయిన మగ్గాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేని ఒక నేతగత్తె, ఒకే అద్దెగదిలో పగలొకరూ రేయొకరూ నిద్రపోయే ఇద్దరు నర్సులు — ఇలా నిన్నటి బస్సులో మన పక్క సీటులో కూర్చున్న మనుషులు ఇవాళ రంగస్థలం మీదికి వచ్చి మాట్లాడటం వారికి ఎన్నటికీ తీరని అబ్బురం.

1997 నుంచి విజయవాడలో వెలువడే ఒక చిన్న నాటక మాసపత్రికకు సమీక్షలు రాయసాగారు. దాచడమెందుకు, ఆ సమీక్షలు కరుకుగా ఉండేవి. పటంలో వెంట్రుకవాసి తేడాను సహించని కన్ను నాటికలోనూ తప్పునే ముందు చూసేది. "ఈ నాటికలో తలుపు ఒక్కటే సహజంగా నటించింది" వంటి వాక్యాలను మధ్యాహ్న భోజన సమయంలో మనలో ఎవరో ఒకరు పైకి చదివితే అందరమూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. కత్తెర జోయెల్ గారని పేరు పెట్టింది కూడా మనమే. కనుక ఇప్పుడు చెప్పబోయే ఉదంతంలో మనకూ కొంత భాగముంది. జోయెల్ గారి అనుమతితోనే, ఆ మాటకొస్తే వారి పట్టుదల మీదనే, దీన్ని మన శాఖ పత్రిక ఈ సంచికలో రాస్తున్నాం. "పొగడ్తలు ఎన్నయినా రాసుకోండి, ఇది మాత్రం వదలొద్దు" అన్నారు వారు.

2008 ఫిబ్రవరిలో పామర్రులో జరిగిన నాటిక పోటీలకు జోయెల్ గారు సమీక్షకులుగా వెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నపు ప్రదర్శన "నాలుగో నంబరు తూము". రచయిత్రి శ్రీదుర్గ, ఒక ఆసుపత్రిలో లాబ్ టెక్నీషియనుగా పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. అది ఆమె మొదటి రచన. ఏప్రిల్ ఎండల్లో ఎవరో తూము తలుపు ఎత్తడంతో ఒక రైతు కల్లంలో ధాన్యం తడిసిపోయింది. నాగరత్నం అనే కూలిమనిషి మీద అనుమానం. పంచాయితీ పెట్టి రైతూ, ఊరి పెద్దలూ ఆమెను ప్రశ్నిస్తూనే ఉంటారు, ఆమె నోరు విప్పదు. కాలువ లస్కరు తాగి తూలుతూ వచ్చి, తనకేమీ తెలియదని చెప్పి, అందరి చేతా చీవాట్లు తింటాడు. ఆ లస్కరు పాత్రను చూసిన క్షణం నుంచే జోయెల్ గారి మనసు విరిగిపోయింది. జీవితంలో చుక్క ముట్టని తండ్రి కళ్ళముందు మెదిలారు. ఇంతలో తోటి సమీక్షకుడొకరు వంగి, "కారు బయల్దేరుతోందండీ, బెజవాడ వస్తారా?" అని చెవిలో అడిగారు. నాటిక ఇంకా పది నిమిషాలుంది. జోయెల్ గారు ముందు వరుసలోంచి లేచి వెళ్ళిపోయారు.

మరుసటి నెల సమీక్ష వచ్చింది. "తూము తలుపు ఒక స్త్రీ ఒంటరిగా ఎత్తలేదన్న సంగతి తెలియనివారు తూము మీద నాటిక రాయరాదు. ఆసాంతం నోరు విప్పని నాగరత్నం పాత్రకు నటి ఎందుకు? ఒక కుర్చీని పెట్టినా సరిపోయేది." ఆ వాక్యానికి మన భోజనాల గదిలో చప్పట్లు మోగాయి.

రెండేళ్ళ తరువాత హనుమాన్ జంక్షన్ బస్టాండులో, ఆ నాటికను ప్రదర్శించిన దర్శకుడు యేసుకుమార్ ఎదురుపడ్డారు. శ్రీదుర్గ కొత్తగా ఏమైనా రాసిందా అని జోయెల్ గారు మాటవరసకు అడిగారు.

"మానేసిందండీ. మీ సమీక్ష చదివాక మళ్ళీ కలం పట్టలేదు."

"విమర్శకు తట్టుకోలేకపోతే ఎట్లా యేసుకుమార్? రాసేవాళ్ళకు కాస్త గుండె ఉండాలి."

యేసుకుమార్ బస్సుల వంక చూస్తూ అన్నారు: "విమర్శ సంగతి కాదు సార్. మీరు చివరి సీను చూడలేదు గదా?"

"ఎవరన్నారు?"

"ఆ అమ్మాయే. మొదటి నాటిక గదండీ, తెర పక్కన నుంచుని జనాన్ని కాదు, మీ ముఖమే చూస్తా ఉంది. మీరు లేచిపోవడం చూసింది. చూడని సీను గురించి అచ్చులో తీర్పు రాయడం కూడా చూసింది."

జోయెల్ గారు బెజవాడ బస్సెక్కారు. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చుని ఈ సంగతి చెబితే, వడ్డిస్తున్న హెలెన్ గారి చేయి ఆగిపోయింది.

"చూడకుండానే రాశారా?"

"పది నిమిషాలేగా..."

"మీ నాన్నగారు పదిమైళ్ళ కాలువా నడిచేవారు. మీరు ఆఫీసులో పటం కూడా అట్లాగే గీస్తారా, తొమ్మిది మైళ్ళు కొలిచి చివరి మైలు ఊహించి?"

ఆ ప్రశ్న తమను నిలువునా కోసిందని జోయెల్ గారు పలుమార్లు చెప్పారు. వచ్చిన ఆదివారం ప్రార్థన కాగానే భార్యాభర్తలిద్దరూ పామర్రు బస్సెక్కారు.

పామర్రు పక్క పల్లెలో, శ్రీదుర్గ ఇంట్లో ఆమె, ఆమె తల్లి సంపూర్ణమ్మ గారు ఉన్నారు. వచ్చినదెవరో చూసి శ్రీదుర్గ కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది, తాను మాత్రం కూర్చోలేదు. జోయెల్ గారు తడుముకోకుండా చెప్పారు: "అమ్మా, నేను నీ నాటిక పూర్తిగా చూడలేదు. చూసినట్టు రాశాను. అది తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను."

"మీరు రాసిందంతా తప్పు కాదండీ. రెండో సీను సాగదీశాను, నాకూ తెలుసు."

"మరి రాయడం ఎందుకు మానేశావమ్మా?"

ఆమె తల్లి వంక చూసి, తల దించుకుంది. "ఆ నాటిక మా ఊళ్ళో వేసి మా అమ్మకి చూపించాలనుకున్నానండీ. మీది చదివాక సిగ్గేసింది. నాగరత్నం మా అమ్మే. మీరు కుర్చీ అన్నారు."

గుమ్మంలో కూర్చున్న సంపూర్ణమ్మ గారికి ఈ మాట అప్పటిదాకా తెలియదు. "ఏంటమ్మా కుర్చీ అంటున్నావు?" అని అడిగి, కూతురు చెప్పింది విని, కోప్పడలేదు. లేచి కొంగు నడుముకు చుట్టుకున్నారు.

"ఒక్క ఆడమనిషి ఎత్తలేదని రాశారా బాబూ? నిజమే, ఎత్తలేదు. పదకొండు మందిమి. పేటలో తాగడానికి చుక్క నీళ్ళు లేవు, చంటిపిల్లలున్నారు. తలుపుకి మోకు కట్టాం. ముందు నేను, నా ఎనకాల తెరేసమ్మ, ఆవిడెనకాల నాంచారమ్మ..." అంటూ ఒక్కొక్క పేరూ చెప్పి, ఆమె ఎక్కడ నిలబడిందో ఆ చిన్న వాకిట్లో అడుగు వేసి చూపించారు. పదకొండు పేర్లయ్యాయి. "మోకు ఎవరిచ్చారు? లస్కరే ఇచ్చాడు. 'నన్నడిగితే తాగి పడుకున్నానని చెబుతాను, మీరెవరూ నోరెత్తకండి' అన్నాడు. చుక్క ముట్టని మనిషి, నోట్లో సారా పుక్కిలించుకుని పంచాయితీకి వచ్చాడు. నేను నోరు తెరిస్తే ఈ పదిమందీ పోతారు, ఆయన ఉద్యోగమూ పోద్ది. అందుకని కూర్చున్నా."

నాటికలో చివరి రంగం అదే. పంచాయితీ లేచి వెళ్ళాక, నాగరత్నం ఖాళీ కుర్చీల ముందు నిలబడి ఈ మాటలు చెబుతుంది. జోయెల్ గారు వేలెత్తి చూపిన రెండు తప్పులకూ, మనసులో పెట్టుకున్న మూడో కోపానికీ సమాధానం వారు లేచి వెళ్ళిపోయిన ఆ పది నిమిషాలలోనే ఉంది. వారు లేచి సంపూర్ణమ్మ గారికి చేతులు జోడించారు. హెలెన్ గారే సంపూర్ణమ్మ గారి పక్కన గుమ్మంలో కూర్చుని, ఆమె చేయి తన చేతిలోకి తీసుకున్నారు.

తిరిగి వచ్చిన వారంలోనే జోయెల్ గారు పత్రికకు "నేను చూడని నాటికకు నేను రాసిన సమీక్ష" అని ఒక వ్యాసం పంపారు. సంపాదకులు ఫోను చేసి, "ఎవరికీ తెలియని సంగతి, మీరే బయటపెట్టుకుంటే పదమూడేళ్ళ పేరు పోతుంది" అని వారించారు. "తెలియవలసిన మనిషికి రెండేళ్ళుగా తెలుసండీ. వేయండి" అన్నారు వారు. వ్యాసం అచ్చయింది. సంపాదకులు భయపడ్డట్టే అయింది. అంతకుముందు న్యాయనిర్ణేతగా పిలుస్తూ వచ్చిన నాటిక పోటీలవారు నాలుగేళ్ళపాటు జోయెల్ గారిని పిలవలేదు. మన భోజనాల గదిలోనూ ఆ నెల పత్రిక ఎవరూ పైకి చదవలేదు.

ఆ నాలుగేళ్ళే తమకు నాటిక చూడటం నేర్పాయని వారంటారు. వెనుక వరుసలలో, వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న జనం మధ్య కూర్చుని, ఏ పంక్తి దగ్గర పొట్లాం చప్పుడు ఆగిపోతుందో గమనించడం మొదలుపెట్టారు. రచయితను అడిగి రాతప్రతి తెప్పించుకుని చదివేవారు. ఈ నాటిక తమకు కొత్తగా ఏ మనిషిని పరిచయం చేసిందో ముందు రాసి, లోపాలేవైనా ఉంటే ఆ తరువాత, ఆ రచయిత ఎదురుగా కూర్చుని ఉన్నట్టు రాసేవారు. తప్పును దాచే మెతకదనం వారికి ఎన్నడూ రాలేదు. ఎదుటి మనిషి మళ్ళీ రాయాలన్న కోరిక మాత్రం ప్రతి వాక్యంలోనూ కనిపించేది.

శ్రీదుర్గ వెంటనే రాయలేదు. మూడేళ్ళు పట్టింది. 2013లో ఒక రోజు మన కార్యాలయానికి జోయెల్ గారి పేర మందపాటి కవరు వచ్చింది. లోపల కొత్త నాటిక, పైన ఒక చీటీ: "చదివి చెప్పండి సార్. ఈసారి రెండో సీను సాగలేదు." జోయెల్ గారు ఆ చీటీ పట్టుకుని విభాగమంతా తిరిగి చూపించారు. నేడామె తొమ్మిది నాటికల రచయిత్రి. 2016లో విజయవాడలో "నాలుగో నంబరు తూము" మళ్ళీ ప్రదర్శించినప్పుడు మన కార్యాలయం నుంచి ఇరవై ఆరుగురం వెళ్ళాం. సంపూర్ణమ్మ గారు ముందు వరుసలో, కొత్త చీరలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశారు. చివరి రంగంలో పదకొండు పేర్లు వినిపిస్తుండగా, రంగస్థలం మీద నటి మూడో పేరు దగ్గర తడబడితే, ఆవిడే కూర్చున్నచోటు నుంచి గట్టిగా "నాంచారమ్మ!" అని అందించారు. హాలంతా లేచి నిలబడింది.

అసిస్టెంట్ టెక్నికల్ ఆఫీసరుగా జోయెల్ గారు పదోన్నతి పొందిన 2014 నుంచి, నెలలో మొదటి శుక్రవారం మధ్యాహ్నం భోజన విరామంలో మన డ్రాయింగు విభాగంలో కొత్త నాటికా పఠనం ఒక ఆనవాయితీ అయింది. అన్ని గొంతులూ జోయెల్ గారివే. డ్రైవరు బసవయ్య గారు మొదట్లో ఏసీ కోసం వచ్చేవారు. కొన్నాళ్ళకు "ఆ మామగారు అట్లా మాట్లాడడు సార్, నాకూ ఒక మామ ఉన్నాడు" అని వాదన పెట్టుకునేవారు. జోయెల్ గారు ఆ వాదనను రాసి రచయితకు పంపేవారు. రచయిత మాట మార్చిన సందర్భాలూ ఉన్నాయి. తాను సూచించిన ఒక సంభాషణ మచిలీపట్నంలో చప్పట్లు కొట్టించుకున్నదని తెలిసిన రోజు బసవయ్య గారు అందరికీ మిఠాయి పంచారు. గుమాస్తాలూ, ఇంజనీర్లూ, డ్రైవర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక కల్పిత మనిషి కష్టం గురించి నిజంగా పోట్లాడుకున్న ఆ మధ్యాహ్నాలు మన ఉద్యోగ జీవితాలలో ఎంత అరుదైన సంపదో ఇప్పుడు తలచుకుంటే తెలుస్తున్నది.

ఈ జూన్ మొదటి శుక్రవారం వారి చివరి పఠనం. ఎంచుకున్నది జెస్సికా అనే యువరచయిత్రి నాటిక. రహదారి పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ముగ్గురు స్త్రీల కథ, విషాదం పాలు తక్కువ, అల్లరి పాలు ఎక్కువ. రెండు పేజీలు బాగానే చదివారు. మూడో పేజీలో, నవ్వవలసిన చోట, చదవడం ఆపేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆగిపోయారు. అప్పుడు ఛాయాదేవి గారు లేచి, వారి చేతిలోని కాగితాలు మెల్లగా తీసుకుని, "పెద్దామె మాటలు నేను చదువుతానండీ" అన్నారు. రెండో ఆమె మాటలకు మన అకౌంట్స్ డయానా గారు పక్కకు వచ్చి నిలబడ్డారు. మూడో ఆమెకు ఎవరూ కదలలేదు. బసవయ్య గారు గొంతు సవరించుకుని, "ఆడగొంతు రాదు గానీ, పొత్తులు కాల్చడం నాకొచ్చు, ఇటివ్వండి" అన్నారు. అంతా ఘొల్లుమన్నారు. పదకొండేళ్ళుగా ఒక్కరే అన్ని పాత్రలై మనకు చదివి వినిపించిన జోయెల్ గారు, ఆ మధ్యాహ్నం మొట్టమొదటిసారిగా మన మధ్య శ్రోతగా కూర్చుని, మన తడబాట్లన్నీ విని, చివరన అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

ముప్పై ఆరు సంవత్సరాల తొమ్మిది నెలల సేవను సంపూర్ణం చేసుకుని, ఈ 2025 జూన్ 30వ తేదీన శ్రీ జోయెల్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. వచ్చే శుక్రవారానికి ఛాయాదేవి గారు అప్పుడే ఒక కొత్త నాటిక తెప్పించారు, ఎవరు ఏ పాత్ర చదవాలన్న తగవు విభాగంలో మొదలైంది. జోయెల్ గారికి కబురు పంపితే, సంచీ సర్దుకుంటున్న హెలెన్ గారు ఫోనెత్తి, "శుక్రవారం కుదరదండీ, ఇద్దరం తెనాలి వెళ్తున్నాం, అక్కడ మూడు రోజులు పోటీలు" అన్నారు. కనుక వారికి మన ఆకాంక్ష ఒక్కటే: దూరప్రయాణాలకు అలసిపోని ఒళ్ళూ, వెనుక వరుస నుంచి కూడా స్పష్టంగా కనిపించే కళ్ళూ, పక్కన హెలెన్ గారూ, ఎదుట ఏటేటా కొత్త పేరుతో ఒక రచయితా కలకాలం వారికి ఉండుగాక, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లుతూ, ఈ డెల్టాలో ఎక్కడ ఏ కుర్రవాడో అమ్మాయో మొదటి నాటిక రాసి భయపడుతూ తెర పక్కన నిలబడినా, ఆ భయాన్ని తీర్చే ముఖం జనంలో జోయెల్ గారిదై ఉండుగాక.

— డ్రాయింగు విభాగ సహోద్యోగులు